ఇంట్లో మామిడి, అనాస, అరటి స్మూతీ: బెంగళూరులో మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి వచ్చిందంటే చాలు, మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్ళు, పీజీల్లో ఉండే మా బంధువుల పిల్లలు, ఊరి నుంచి ఫోన్ చేసే పిన్ని, అందరూ ఇవే అడుగుతారు. పాలు విరిగాయని ఒకరు, నీళ్ళలా ఉందని ఒకరు, మిక్సీ ఆగిపోయిందని ఇంకొకరు. ఫోన్లో హడావిడిగా చెప్పే బదులు, వాళ్ళు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి జవాబులు పెట్టాను. మీ సందేహం ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్ళండి.

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి పదహారేళ్ళు. పండ్ల విషయంలో ఈ ఊరు చాలా అదృష్టం చేసుకుంది. కోలారు మామిడి, కేరళ అనాస, కొడగు బటర్ ఫ్రూట్ (అవకాడో), మద్దూరు కొబ్బరి బోండాలు అన్నీ ఇక్కడికి చేరతాయి. అంత మంచి పండు చేతిలో పెట్టుకుని చక్కెరతో, ఐస్‌తో దాని రుచి చంపేస్తుంటే నాకు మనసొప్పదు.

## మొదలుపెట్టే ముందు

స్మూతీ అంటే మిల్క్‌షేక్‌కి పెట్టిన కొత్త పేరేనా?

కాదు. జ్యూస్‌లో పిప్పి వడకట్టేస్తాం. మిల్క్‌షేక్‌లో పాలు ఎక్కువ, పండు రుచికి మాత్రమే. స్మూతీలో గ్లాసు నిండా ఉండేది పండే. పాలో, పెరుగో, కొబ్బరి నీళ్ళో బ్లేడు తిరగడానికి సరిపడా పోస్తాం, అంతే. పండులోని పీచు గ్లాసులోనే ఉంటుంది కాబట్టి చిక్కగా వస్తుంది. "పల్చగా వచ్చింది" అని నాకు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది మిల్క్‌షేక్ కొలతలతో స్మూతీ చేసినవాళ్ళే.

మా ఇంట్లో మామూలు మిక్సీయే ఉంది. బ్లెండర్ కొనాలా?

అక్కర్లేదు. రోజూ పచ్చడి రుబ్బే మిక్సీ చాలు. 500 వాట్లదైనా పనవుతుంది, 750 వాట్లదైతే ఇంకా హాయి. ఒకరిద్దరికి చేసేటప్పుడు పెద్ద జార్ తీయకండి. పండు గోడలకు అంటుకుని బ్లేడు ఖాళీగా తిరుగుతుంది. మధ్య సైజు జార్ సరిగ్గా సరిపోతుంది. జ్యూస్ జార్ వాడితే లోపలి జాలీ గొట్టం తీసేయండి, లేకపోతే పీచంతా అందులోనే ఉండిపోతుంది.

అల్లం వెల్లుల్లి నూరే జార్‌లో మాత్రం స్మూతీ చేయకండి. ఎంత కడిగినా మూత రబ్బరులో ఆ వాసన ఉంటుంది, మామిడిలో అది వెంటనే తెలిసిపోతుంది. పీజీల్లో పిల్లలు వాడే చిన్న ఛార్జింగ్ బ్లెండర్‌కి రాయిలాంటి ముక్కలను కొట్టే బలం ఉండదు. ముక్కలు బయటపెట్టి పది నిమిషాలు ఆగి వేసుకోండి.

అసలు కొలత ఏంటి? ఒక్కసారి స్పష్టంగా చెప్పండి.

ఇద్దరికి సరిపోయే కొలత ఇది. కప్పు అంటే 200 మిల్లీలీటర్లది. గడ్డకట్టిన మామిడి ముక్కలు ఒక కప్పు, గడ్డకట్టిన అనాస ముక్కలు అర కప్పు, బాగా పండిన ఏలక్కి (చిన్న రకం) అరటిపండ్లు రెండు, చల్లటి కొబ్బరి నీళ్ళు ముప్పావు కప్పు, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. ఉప్పు ఎందుకని అందరూ అడుగుతారు. జామకాయకు ఉప్పు అద్దుకుని తింటే తీపి ఎలా పైకి వస్తుందో ఇక్కడా అంతే. వేసినట్టు తెలియకూడదు, అంత తక్కువ చాలు.

మామిడి లేని నెలల్లో ఆ కప్పు బొప్పాయితో నింపండి. కొలత మార్చనక్కర్లేదు.

## పండ్లు కొనేటప్పుడు

బెంగళూరులో ఏ నెలలో ఏ పండు బాగుంటుంది?

ఏప్రిల్ చివరి నుంచి జూలై దాకా మామిడి కాలం. పనస కూడా ఆ రోజుల్లోనే. వానలు పడ్డాక బటర్ ఫ్రూట్, ఆగస్టు దాటాక సీతాఫలం, చలికాలంలో జామ. అరటి, బొప్పాయి, అనాస ఏడాది పొడవునా దొరుకుతాయి.

పెద్ద మొత్తంలో కావాలంటే తెల్లవారుజామునే కె.ఆర్. మార్కెట్‌కి వెళ్ళాలి. అంత ఓపిక లేనివాళ్ళకు శివాజీనగర్ రస్సెల్ మార్కెట్, బసవనగుడి గాంధీ బజార్, మల్లేశ్వరం 8వ క్రాస్ ఉన్నాయి. హాప్‌కామ్స్ దుకాణాలు నాకు ఇష్టం. 1959లో మొదలైన రైతుల సహకార సంఘం అది, ధర బోర్డు మీద రాసి ఉంటుంది, బేరం గొడవ లేదు. లాల్‌బాగ్‌లో మామిడి మేళా పెట్టినప్పుడు రైతుల దగ్గరే నేరుగా కొనుక్కోవచ్చు. నేను ఆ మేళాలో రెండు పెట్టెలు తెచ్చి, పండినవి పండినట్టు కోసి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. సెప్టెంబరులో వానపడే సాయంత్రం మామిడి స్మూతీ తాగడం కన్నా సంతోషం నాకు తెలియదు.

స్మూతీకి ఏ మామిడి తీసుకోవాలి? మన రసాలు ఇక్కడ దొరకట్లేదు.

చిన్న రసాలు, పెద్ద రసాలు పిసికి జుర్రుకోవడానికి పుట్టిన పండ్లు. స్మూతీకి కండ గట్టిగా, పీచు లేకుండా ఉండాలి. అందుకు ఇక్కడ దొరికే బాదామి చాలా మంచిది. ఆల్ఫోన్సో అని దేశమంతా అనేదాన్నే కర్ణాటకలో బాదామి అంటారు. మన బంగినపల్లి కూడా అంతే బాగుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పండు, ముక్కలు చక్కగా తెగుతాయి, టెంక చిన్నది. రసపురి రసం ఎక్కువగా ఉండే పండు కాబట్టి పోసే ద్రవం కొంచెం తగ్గించండి.

మనం బెంగళూరా అనో కలెక్టర్ కాయ అనో పిలిచే మామిడిని బెంగళూరులో ఆ పేరుతో అడిగితే ఎవరికీ అర్థం కాదు. ఇక్కడ అది తోతాపురి, గిణిమూతి. అంటే చిలక ముక్కు. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలన్నీ ఎక్కువగా కొనేది దీన్నే. తీపి తక్కువ, కానీ పూర్తిగా పండిన తోతాపురికి ఒక అరటిపండు తోడైతే గుజ్జు నున్నగా వస్తుంది. డబ్బు ఆదా చేసుకోవాలనుకునే పిల్లలకు నేను ఇదే చెబుతాను.

కన్నడ రాదు. మార్కెట్‌లో పండ్ల పేర్లు ఎలా అడగాలి?

చాలా చోట్ల తెలుగు నడుస్తుంది, అయినా వాళ్ళ మాటలో అడిగితే పండు ఏరి ఇస్తారు. పండుని హణ్ణు అంటారు. మామిడిపండు మావిన హణ్ణు, అరటిపండు బాళె హణ్ణు, జామ సీబె హణ్ణు, పనస హలసిన హణ్ణు, కొబ్బరి బోండాం ఎళనీరు. బొప్పాయి పరంగి హణ్ణు. మా సీమవైపు వాళ్ళకు ఈ మాట కొత్తేమీ కాదు. పెరుగుని మొసరు అంటారు. "ఇవత్తు తిన్నక్కె బేకు" అంటే ఈరోజే తినడానికి కావాలని. ఈ ఒక్క ముక్క చెబితే సరిగ్గా పండినదే చేతిలో పెడతారు.

ఏలక్కి మంచిదా, పచ్చ అరటా?

రుచికి ఏలక్కి, చిక్కదనానికి పచ్చబాళె. ఏలక్కి చిన్నది, తీపితో పాటు సన్నటి పులుపు ఉంటుంది కాబట్టి అనాస, మామిడితో కలిసిపోతుంది. పచ్చబాళె పెద్దది, వెన్నలా నలుగుతుంది, చవక. ఒక పచ్చబాళెకు రెండు మూడు ఏలక్కులు సమానం. ఏదైనా తొక్క మీద నల్ల చుక్కలు పడిన తర్వాతే వాడండి. చుక్కలు లేని అరటిలో పిండి ఇంకా తీపిగా మారి ఉండదు. అప్పుడే అందరూ చక్కెర డబ్బా వైపు చూస్తారు.

కార్బైడ్ పెట్టి పండించారేమో అని టెన్షన్. ఎలా తెలుస్తుంది?

కంటితో చూసి ఖాయంగా చెప్పలేం. కాల్షియం కార్బైడ్‌తో పండించడం మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం 2011 నుంచి నిషేధం. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండే ప్రమాదం ఉంది. ఇథిలీన్ వాయువుతో, 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) మించకుండా పండించడానికి అనుమతి ఉంది. పండు తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేదీ ఇథిలీనే కాబట్టి దానికి భయపడక్కర్లేదు.

సీజన్ మొదలవకముందే మార్చిలో కనిపించే పసుపు మామిడి జోలికి వెళ్ళకండి. ముదిరిన గట్టి కాయలు కొని ఇంట్లోనే పండించుకోవడం నాకు తెలిసిన మంచి దారి. బియ్యం డబ్బాలోనో, గడ్డిలోనో, కాగితం కవర్లోనో పెడితే మూడు నుంచి ఐదు రోజులు. తొందరైతే కవర్లో ఒక పండిన అరటిపండు కూడా పెట్టండి. కోసే ముందు మామిడిని అరగంట నీళ్ళలో నానబెట్టి, తొడిమ దగ్గర జీడి పూర్తిగా కడిగేయాలి. ఆ జీడి తగిలితే పెదవుల చుట్టూ పొక్కుతుంది.

అనాస పండిందో లేదో ఎలా చూడాలి? ఇంటికి తెచ్చి నాలుగు రోజులు పెట్టినా తీపి రావట్లేదు.

రాదు. మామిడి, అరటి కోశాక కూడా పండుతాయి. అనాస మొక్క నుంచి విడిపోయాక ఇంకా తియ్యబడదు, మెత్తబడుతుంది అంతే. కాబట్టి కొనేటప్పుడే సరైనది ఎంచుకోవాలి. అడుగు భాగం వాసన చూడండి. తియ్యటి వాసన వస్తే తీసుకోండి, ఏ వాసనా లేకపోతే వదిలేయండి, కల్లు వాసన వస్తే మురిగిపోయినట్టు. చేతిలో బరువుగా ఉండాలి. పైన ఆకు లాగి చూసే పద్ధతిని నేను నమ్మను.

బటర్ ఫ్రూట్ వేయొచ్చా?

తప్పకుండా. బెంగళూరు జ్యూస్ షాపుల్లో అవకాడోకి ఇదే పేరు. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ చెట్ల మధ్య పెరుగుతుంది. తీపి ఉండదు, కొవ్వు ఉంటుంది, అందుకే స్మూతీ మెత్తగా వెన్నలా వస్తుంది. ఇద్దరికి పావు పండు చాలు. అరటి మానేయాలనుకునేవాళ్ళకు చిక్కదనం ఇచ్చేది ఇదే.

## కోయడం, ఫ్రీజర్‌లో పెట్టడం

పండు గడ్డకట్టించాలా? చల్లదనానికి ఐస్ వేస్తే సరిపోదా?

ఐస్ అంటే నీళ్ళు. మిక్సీలో తిరిగేటప్పుడే కరిగి పండు రుచిని పలచన చేస్తుంది, గ్లాసులో పోసిన ఐదు నిమిషాలకు పైన నీరు తేలుతుంది. పండునే గడ్డకట్టిస్తే చల్లదనం, చిక్కదనం, రుచి మూడూ ఒకే చోటు నుంచి వస్తాయి. జ్యూస్ షాపుకి, ఇంటికి తేడా ఇక్కడే ఉంది. ఫ్రీజర్‌లో జాగా లేనివాళ్ళు పండులో సగమైనా గడ్డకట్టించండి, మిగతా సగం ఫ్రిజ్‌లో చల్లబడినది వేయండి. ఐస్ తప్పదనుకుంటే, తాగే నీళ్ళతో చేసినది మాత్రమే వాడండి. ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళు నేరుగా ట్రేలో పోయకండి.

ఫ్రీజర్‌లో ముక్కలన్నీ ఒకే రాయిలా అతుక్కుపోతున్నాయి. ఏం చేయాలి?

కోయగానే కవర్లో పోసేశారు కాబట్టి. ముక్కలను ముందు స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరచండి. మూడు నాలుగు గంటల్లో గట్టిపడతాయి. అప్పుడు జిప్ కవర్లోకి మార్చి, గాలి వీలైనంత పిండేసి మూసేయండి. తర్వాత ఎన్ని కావాలంటే అన్నే తీసుకోవచ్చు. ముక్క అంగుళం కన్నా పెద్దది వద్దు, మన మిక్సీ బ్లేడు దానితో పోరాడలేదు.

అరటిని తొక్క తీసి, చక్రాలుగా కోసి మాత్రమే పెట్టండి. తొక్కతో పెడితే నల్లబడి చేతికి అతుక్కుని ఊడిరాదు. కవర్ మీద తేదీ రాయండి.

ఎన్నాళ్ళు ఉంచొచ్చు? మధ్యలో కరెంటు పోతే?

మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండే ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు రుచి చెడదు. తర్వాత పాడవదు కానీ మంచు పట్టి వాసన తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తీయకపోవడమే పెద్ద జాగ్రత్త. వచ్చాక చూడండి. ముక్కల్లో ఇంకా మంచు పలుకులు ఉంటే మళ్ళీ గడ్డకట్టనివ్వొచ్చు. పూర్తిగా మెత్తబడి నీరు కారుతుంటే వెంటనే వాడేయండి, పుల్లటి వాసన వస్తే పారేయండి.

అనాస తింటే నాలుక మండుతుంది. స్మూతీలో కూడా మండుతుందా?

కొంచెం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ప్రోటీన్‌ని కరిగిస్తుంది, మన నాలుక పైపొరతో సహా. కన్నులు లోతుగా తీయండి, మధ్య దూటలాంటి గట్టి భాగం వాడకండి. బాగా పండినది తీసుకోండి. అయినా మండితే ముక్కలను బాణలిలో పది నిమిషాలు మగ్గించి చల్లార్చి వాడండి. వేడికి ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. దురద, పెదవుల వాపు వస్తే మాత్రం అది వేరే సంగతి, అనాస మానేసి డాక్టర్‌కి చూపించుకోండి.

## మిక్సీలో వేసేటప్పుడు

ముందు ఏది వేయాలి?

ద్రవం ముందు, మెత్తటి పండు తర్వాత, గడ్డకట్టిన ముక్కలు చివర. బ్లేడు అడుగున ఉంటుంది కాబట్టి దానికి ముందు తిరగడానికి తడి దొరకాలి. జార్ మూడింట రెండు వంతులకు మించి నింపకండి. మొదట పల్స్ బటన్‌తో నాలుగైదు సార్లు చిన్నగా కొట్టి, ముక్కలు విరిగాక వేగం పెంచండి. మొత్తం నిమిషంన్నర పని. ఎక్కువ సేపు తిప్పితే బ్లేడు వేడికి చల్లదనం పోతుంది.

మిక్సీ మధ్యలో టక్కున ఆగిపోయింది. కాలిపోయిందా?

చాలావరకు కాలలేదు. ప్లగ్ తీసి మిక్సీని వంచి అడుగున చూడండి, చిన్న ఎర్ర బటన్ బయటకు వచ్చి ఉంటుంది. బరువు ఎక్కువైనప్పుడు మోటార్‌ని కాపాడటానికి పెట్టిన స్విచ్ అది. పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి ఆ బటన్ లోపలికి నొక్కండి. తిరిగి వేసేటప్పుడు ముక్కలు సగానికి తగ్గించి, రెండు చెంచాల ద్రవం కలపండి. కాలిన వాసన, పొగ వస్తే మాత్రం మళ్ళీ వేయకుండా రిపేరుకి ఇవ్వండి.

పాలు పోయాలా, పెరుగా, కొబ్బరి నీళ్ళా?

పండుని బట్టి. మామిడి, సపోటా, అరటి, సీతాఫలం పాలతో బాగుంటాయి. పుల్లటి పండ్లకు పెరుగు నయం. ప్యాకెట్ పెరుగైనా ఇంటి తోడైనా పుల్లబడనిది కావాలి, పైన తేరిన నీరు వంపేయండి. అనాస, బొప్పాయికి కొబ్బరి నీళ్ళు లేదా కొబ్బరి పాలు నా మొదటి ఎంపిక. ఎళనీరు కొట్టించుకునేటప్పుడు లోపలి లేత కొబ్బరి కూడా తీసిమ్మనండి. అది రెండు చెంచాలు వేస్తే పాలు లేకుండానే చిక్కగా అవుతుంది.

పనస తొనల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆరు తొనలు గింజ తీసి గడ్డకట్టించి, అర కప్పు చిక్కటి కొబ్బరి పాలు, ఒక యాలక్కాయ పొడి, చెంచాడు బెల్లం తురుముతో తిప్పి చూడండి. పాయసం గ్లాసులో పోసుకున్నట్టు ఉంటుంది. ఒక్కసారి రుచి చూసినవాళ్ళు మామిడిని మరిచిపోతారు.

అనాస స్మూతీ చేదుగా వచ్చింది. పండు చేదు కాదు, పాలూ మంచివే. ఎందుకు?

ఈ ప్రశ్న వచ్చినన్ని సార్లు ఇంకేదీ రాలేదు. నాకూ జరిగింది. మా ఆడపడుచు వాళ్ళు భోజనానికి వస్తున్నారని పొద్దున్నే అనాస, పెరుగు కలిపి పెద్ద జగ్గు నిండా చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. అప్పుడు రుచి చూస్తే అమృతంలా ఉంది. మధ్యాహ్నం గ్లాసుల్లో పోసి ఇస్తే ఒక్కరూ రెండో గుటక మింగలేదు.

తప్పు పండుది కాదు, సమయానిది. అనాసలోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రోటీన్‌ని చిన్న చిన్న తునకలుగా కోస్తుంది. ఆ తునకల్లో కొన్ని చేదుగా ఉంటాయి. ఎంత సేపు ఉంచితే అంత చేదు. పాలైతే పులుపు కూడా తోడై విరిగిపోతాయి. బొప్పాయిలో పపైన్, కివీలో ఆక్టినిడిన్ ఉంటాయి, వాటి పనీ ఇదే. ఫ్రీజర్‌లో పెట్టినా ఎంజైమ్ చావదు, నిద్రపోతుంది అంతే. కరగగానే మళ్ళీ మొదలు.

దారులు మూడున్నాయి. పాలు, పెరుగు కలిపితే చేసిన వెంటనే తాగేయాలి. ముందే చేసి ఉంచాలంటే పాలకు బదులు కొబ్బరి పాలు పోయాలి, వాటిలో ప్రోటీన్ తక్కువ. పాలే కావాలంటే అనాస ముక్కలను నీళ్ళు పోయకుండా పది నిమిషాలు బాగా వేడెక్కేలా మగ్గించి, చల్లార్చి వాడాలి. డబ్బా అనాసని ముందే వేడి చేసి ఉంటారు కాబట్టి దానితో చేదు రాదు. మామిడి, అరటి, సపోటాలతో ఈ బాధ లేదు.

బొప్పాయి వాసన మావారికి పడదు. ఏం కలపాలి?

నిమ్మరసం. ఒక కప్పు ముక్కలకు అర చెక్క పిండితే ఆ వాసన చాలా అణుగుతుంది. చిన్న అల్లం ముక్క, నాలుగు పుదీనా ఆకులు కూడా సాయం చేస్తాయి. లోపలి గింజలు, వాటిని పట్టుకున్న తెల్లటి పొర గరిటెతో పూర్తిగా గీకేయండి. మిరియాల్లాంటి ఘాటు వచ్చేది అక్కడి నుంచే. బెంగళూరు శివార్లలోని హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క ప్రభాత్ రకం దొరికితే తీసుకోండి, కండ ఎర్రగా తియ్యగా ఉంటుంది.

పల్చగా వచ్చేసింది. ఇప్పుడు ఎలా సరిచేయాలి?

గడ్డకట్టిన అరటి చక్రాలు నాలుగైదు వేసి మళ్ళీ తిప్పండి. అవి లేకపోతే రెండు చెంచాల ఓట్స్ వేసి ఐదు నిమిషాలు ఆగండి. మరీ గట్టిగా అయితే ద్రవం చెంచా చెంచాగానే పోయాలి. ఒకేసారి పోస్తే వెనక్కి తీసుకోలేం.

జామ గింజలు పంటికి తగులుతున్నాయి.

జామని మాత్రం వడకట్టక తప్పదు. ముందు జామని కొద్ది నీళ్ళతో తిప్పి, పెద్ద కన్నాల జల్లెడలో చెంచాతో రుద్ది గుజ్జు తీసి, ఆ గుజ్జుతో స్మూతీ చేసుకోండి. మిక్సీ గట్టిగా తిప్పితే గింజలు నలుగుతాయనుకోకండి, ఇసుకలా అవుతాయి.

చక్కెర వేయకుండా పిల్లలు తాగట్లేదు. తేనె, బెల్లం వేస్తే మంచిదే కదా?

తేనె, బెల్లం రుచికి వేరు, ఒంటికి చక్కెరతో సమానమే. 100 గ్రాముల మామిడిలో దాదాపు 14 గ్రాముల చక్కెర సహజంగానే ఉంటుంది. మధ్యస్థ అరటిలోనూ దాదాపు అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం కలిపిన చక్కెర, తేనె, జ్యూస్‌లలోని చక్కెర అన్నీ కలిపి రోజుకు 50 గ్రాముల లోపు, కుదిరితే 25 గ్రాముల లోపు ఉండాలి. పైనుంచి ఇంకా వేయడం ఎందుకు? రెండు ఖర్జూరాలు నానబెట్టి వేయండి, వారానికి ఒకటి చొప్పున తగ్గించండి. పిల్లల నాలుక రెండు మూడు వారాల్లో మారుతుంది. మా ఇంట్లో మారింది.

## తాగేటప్పుడు, దాచేటప్పుడు

నాన్నగారికి షుగర్ ఉంది. ఇవ్వొచ్చా?

పండుని పండుగా నమిలి తినడమే ఆయనకు మంచిది. మిక్సీలో తిప్పితే నమిలే పని ఉండదు, రెండు పండ్ల చక్కెర రెండు నిమిషాల్లో లోపలికి పోతుంది. బ్రిటన్ ఆరోగ్య శాఖ మామూలు మనుషులకే రోజుకు 150 మిల్లీలీటర్లు మించొద్దని చెబుతుంది. ఆయనకు ఎప్పుడైనా ఆశగా ఉంటే జామ, బొప్పాయి, పెరుగుతో అర గ్లాసు చేసి, మామిడి, అరటి పక్కనపెట్టి ఇవ్వండి. రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌లో చూడండి. ఆయన డాక్టర్ ఏం చెబితే అదే చివరి మాట.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు తాగొచ్చా?

డాక్టర్‌ని అడగకుండా వద్దు. అరటి, కొబ్బరి నీళ్ళు, బటర్ ఫ్రూట్ మూడింటిలోనూ పొటాషియం ఎక్కువ, దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. స్టార్ ఫ్రూట్ మాత్రం వాళ్ళు అసలు ముట్టుకోకూడదు. అందులోని విషపదార్థం పేరుకుపోయి మెదడు మీద ప్రభావం చూపుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. బండి మీద అందంగా నక్షత్రాల్లా కోసి పెడతారు, దయచేసి ఈ మాట మీ ఇంట్లో పెద్దలకు చెప్పండి.

గర్భంతో ఉన్నాను. బొప్పాయి స్మూతీ తాగితే భయమా?

పచ్చి బొప్పాయి, సగం పండినది వద్దు, వాటిలో కాయ కోస్తే కారే జిగట పాలు ఉంటాయి. ఆ పాలతోనే ప్రమాదం. పూర్తిగా పండిన బొప్పాయిలో ఆ పాలు చాలా తక్కువ. అయినా ఇంట్లో పెద్దవాళ్ళు కంగారుపడుతుంటే ఆ తొమ్మిది నెలలు మామిడి, సపోటా ఉన్నాయి కదమ్మా. మనసు నిశ్చింతగా ఉండటం కూడా ముఖ్యమే. మీ డాక్టర్‌ని ఒక మాట అడగండి.

పాపకి ఏ వయసు నుంచి ఇవ్వొచ్చు?

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు. తర్వాత మెత్తగా నలిపిన పండు స్పూన్‌తో పెట్టండి. గ్లాసు స్మూతీ ఏడాది దాటాకే, అదీ కొద్దిగా. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా తగలకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. పైన చల్లే జీడిపప్పు, బాదం ముక్కలు చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి కలపండి.

అరటి, పాలు కలపకూడదని మా అత్తగారు అంటారు. నిజమేనా?

ఆయుర్వేదంలో దాన్ని విరుద్ధాహారం అంటారు, ఆవిడ మాట అక్కడి నుంచి వచ్చింది. అరటిపండు పాలతో తిని ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నవాళ్ళూ కోట్లమంది. దీని మీద ఇంట్లో వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆవిడ గ్లాసులో కొబ్బరి పాలు పోసి చేయండి, రుచి ఏమీ తగ్గదు.

రాత్రే చేసి పొద్దున ఆఫీసుకు తీసుకెళ్ళొచ్చా?

చేసినది దాచకండి, చేయడానికి కావలసినది దాచండి. ఆదివారం కూర్చుని ఒక్కో రోజుకి ఒక్కో కవర్ చొప్పున ముక్కలు కొలిచి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, పొద్దున కవర్ జార్‌లో వంపి కొబ్బరి నీళ్ళు పోసి తిప్పడానికి మూడు నిమిషాలు. ఆఫీస్ క్యాబ్ గంటన్నర ట్రాఫిక్‌లో ఉంటుందంటే స్టీలు ఫ్లాస్క్‌ని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, అందులో పోసుకోండి. అంచు దాకా నింపితే లోపల గాలి తగ్గి రంగు నల్లబడటం నెమ్మదిస్తుంది. విడిపోతే బాగా కుదిపి తాగండి. పెరుగు లేక పాలు కలిసినదైతే, బయట రెండు గంటలు దాటితే తాగొద్దు.

జార్‌లో ఎంత కడిగినా పండు వాసన ఉండిపోతోంది.

వాసన జార్‌లో కాదు, మూత రబ్బరు కింద, బ్లేడు అడుగున ఉంటుంది. తిప్పిన వెంటనే జార్‌లో సగం గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల సబ్బు వేసి అరనిమిషం తిప్పి పారబోయండి. రబ్బరుని వారానికోసారి బయటికి తీసి నిమ్మచెక్కతో రుద్ది ఎండలో ఆరబెట్టండి. తడి ఉండగా మూత పెట్టి అలమరలో పెట్టకండి.